డిస్కా, కర్మా? నడుము నొప్పిపై ఒక కారణ విచారం

దుఃఖానికి కారణం ఒక్కటేనా, ఆ కారణాన్ని తొలగిస్తే దుఃఖం తప్పక తొలగిపోతుందా అని భారతీయ దార్శనికులు రెండువేల ఏళ్లకు పైగా వాదించుకుంటూ వచ్చిన ప్రశ్న నేడు మఠాలలో కన్నా వెన్నెముక శస్త్రచికిత్సకుల గదులలో ఎక్కువ పదునుగా వినిపిస్తున్నది. మూడు నెలలకు మించి వదలకుండా వేధించే నడుము నొప్పిని వైద్యులు దీర్ఘకాలికమైనదిగా లెక్కిస్తారు. అటువంటి నొప్పితో ఏళ్లు గడిపిన మనిషి, మాత్రలూ కాపడాలూ బెల్టులూ అయిపోయిన తరువాత, ఎమ్మారై ఫిల్ము చేతబట్టుకుని వైద్యుని ముందు కూర్చున్నప్పుడు, అందులో నల్లబడిన ఒక డిస్కును చూపి, ఇది అరిగిపోయింది, ఇక్కడ రెండు పూసలను కలిపి స్క్రూలు వేస్తే సరిపోతుంది అని చెప్పే మాటలో ఒక చికిత్సతో పాటు ఒక సిద్ధాంతం కూడా దాగి ఉంటుంది. ఆ సిద్ధాంతం ప్రకారం నొప్పికి శరీరంలో ఒక చిరునామా ఉంది, ఆ చిరునామా ఫిల్ములో కనిపిస్తుంది, కనిపించిన చోటును కదలకుండా బిగిస్తే నొప్పి ఆగిపోతుంది. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ స్వయంసిద్ధం కాదు.

వెన్నెముకలోని ఒక్కొక్క ఎముకను తెలుగువారు పూస అంటారు. దండలోని పూసల మాదిరి ఒకదానిపై ఒకటి నిలిచిన ఈ ఎముకలలో నడుము భాగానివి ఐదు. వాటి కింద త్రికం అనే ముక్కోణపు ఎముక, ప్రతి రెండు పూసల నడుమ దిండు వంటి డిస్కు ఉంటాయి. ఫ్యూజన్ అని ఆసుపత్రులలో వ్యవహరించే సంధాన శస్త్రచికిత్సలో రెండు లేక అంతకు మించిన పూసల నడుమ కదలికను శాశ్వతంగా ఆపివేసి, అవి ఒకే ఎముకగా అతుక్కునేటట్లు చేస్తారు. నడుము వద్ద ఇది ఎక్కువగా నాలుగు, ఐదు పూసల మధ్య గాని, ఐదవ పూసకూ త్రికానికీ మధ్య గాని జరుగుతుంది. వీపున కోత పెట్టి, కండరాలను పక్కకు జరిపి, పూస వెనుక ఇరువైపులా పొట్టి స్తంభాల వలె ఉండే ఎముక గుండా టైటానియం స్క్రూలను లోపలికి దింపి, పై స్క్రూలనూ కింది స్క్రూలనూ కడ్డీలతో బిగిస్తారు. చాలా సందర్భాలలో డిస్కును తొలిచివేసి, ఆ ఖాళీలో లోహంతోనో గట్టి ప్లాస్టిక్కుతోనో చేసిన చిన్న గూడును కూర్చి, రోగి శరీరం నుండి తీసిన ఎముక తునకలను దానిలో నింపుతారు. అసలు పని లోహానిది కాదు, ఆ తునకలది. అవి కొత్త ఎముకగా అల్లుకుని గట్టిపడడానికి ఆరు నెలల నుండి ఏడాది వరకు పడుతుంది గనుక, అంతవరకు పూసలను కదలనివ్వకుండా పట్టి ఉంచడమే స్క్రూల విధి. స్లాబు ఆరే వరకు మేస్త్రీ నిలబెట్టే సెంట్రింగు చేసే పని అదే, కాకపోతే ఈ సెంట్రింగును సాధారణంగా ఎవరూ విప్పరు.

1911లో న్యూయార్కు నగరంలో రస్సెల్ హిబ్స్, ఫ్రెడ్ ఆల్బీ అనే ఇద్దరు శస్త్రచికిత్సకులు వేర్వేరుగా ఈ పద్ధతిని ప్రవేశపెట్టినప్పుడు వారి ముందున్న సమస్య క్షయ. వెన్నెముకకు సోకిన క్షయ పూసలను తినివేసి పిల్లల వీపులను గూనిగా వంచివేస్తున్న ఆ రోజులలో, ఆల్బీ మోకాలి కింది ఎముక నుండి ఒక పలకను తీసి వెన్నులో అమర్చడం కూలుతున్న గోడకు ఊతం పెట్టడం వంటిది. కారణమూ కార్యమూ రెండూ కంటికి కనిపించేవే. తరువాతి దశాబ్దాలలో క్షయకు మందులు వచ్చాయి. బ్రిటిష్ వైద్య పరిశోధక మండలి తోడ్పాటుతో కొరియా, హాంకాంగ్, మద్రాసు వంటి చోట్ల జరిగిన పరీక్షలు చాలామంది వెన్ను క్షయ రోగులకు కత్తి అవసరం లేకుండా మందులే చాలునని తేల్చాయి. ఈలోగా 1934లో బోస్టను నగరపు వైద్యులు మిక్స్టర్, బార్ అనేవారు డిస్కు చీలి నరాన్ని ఒత్తడం వలన కాలిలోకి దిగే నొప్పి పుట్టవచ్చునని చూపడంతో అందరి దృష్టీ డిస్కు మీద పడింది. 1960లలో ఫ్రాన్సులో రోయ్ కామీ స్క్రూల పద్ధతిని రూపొందించడంతో బిగింపు సులువైంది. ఒక వ్యాధి కోసం పుట్టిన పనిముట్టు, ఆ వ్యాధి మందులకు లొంగిన తరువాత, మరొక బాధను వెతుక్కున్నదనడం కొంచెం కటువే గాని అసత్యం కాదు.

పూస విరిగినప్పుడు, కణితి గాని చీము గాని పూసను తొలిచివేసినప్పుడు, వెన్ను తీవ్రంగా వంకరపోయినప్పుడు, ఒక పూస మరొకదానిపై నుండి జారి నిలకడ కోల్పోయినప్పుడు సంధానం ఎంతో మేలు చేస్తుంది. ఆ సందర్భాలతో ఇక్కడి విచారానికి పేచీ లేదు. పేచీ అంతా ఇవేవీ లేకుండా, అరిగిన డిస్కు ఒక్కటి తప్ప మరొకటి కనిపించని ఉత్త నడుము నొప్పి విషయంలోనే.

ఒకదాన్ని మరొకదానికి కారణం అనడానికి న్యాయదర్శనమనే తర్కశాస్త్రం పెట్టిన షరతులు ఈ సందర్భంలో ఎంతగానో అక్కరకు వస్తాయి. కారణం అనిపించుకునేది కార్యానికి ముందు నియతంగా, అంటే తప్పనిసరిగా, ఉండాలి. అది అన్యథాసిద్ధం కాకూడదు. అన్యథాసిద్ధం అంటే పని జరిగిన చోట ఉన్నప్పటికీ ఆ పనిలో పాలు లేనిది. కుమ్మరికి మట్టి మోసుకొచ్చిన గాడిదను నైయాయికులు దీనికి ఉదాహరణగా చూపుతారు. గాడిద లేకున్నా కుండ తయారవుతుంది. ఇక గుర్తును బట్టి కనబడని దాన్ని ఊహించేటప్పుడు ఆ గుర్తు, అంటే హేతువు, వ్యభిచరించకూడదు. సాధ్యం, అంటే ఊహించబోయేది, లేని చోట కూడా హేతువు కనిపించడమే వ్యభిచారం. పొగను చూసి నిప్పు ఉందనవచ్చు గాని నిప్పును చూసి పొగ ఉందనలేము, ఎందుకంటే ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పు ఉంటుంది, పొగ ఉండదు. ఈ గీటురాయి మీద ఎమ్మారై ఫిల్మును గీసి చూస్తే తేలేది ఏమిటి? 1994లో అమెరికాలో నడుము నొప్పి లేని 98 మందికి ఎమ్మారై తీసి చూసినప్పుడు వారిలో 52 శాతం మందికి కనీసం ఒక చోట డిస్కు ఉబ్బి కనిపించింది. అన్ని డిస్కులూ మామూలుగా ఉన్నవారు 36 శాతమే. నొప్పి లేనివారిపై జరిగిన ఇటువంటి పరిశీలనలను 2015లో ఒకచోట కూర్చి చూసినవారికి, ఇరవై ఏళ్ల వయసువారిలో 37 శాతం మందికి, ఎనభై ఏళ్లవారిలో 96 శాతం మందికి డిస్కులలో అరుగుదల ఉన్నట్లు తేలింది. నొప్పి విషయంలో అరిగిన డిస్కు కాలిన ఇనుప గుండులోని నిప్పు వంటిదన్నమాట. జుట్టు నెరిసినట్లే డిస్కూ అరుగుతుంది.

అయితే ఇక్కడ తొందరపడి డిస్కుకు నొప్పితో అసలు సంబంధమే లేదనడం కూడా పొరపాటు. యాభై ఏళ్ల లోపువారిలో నొప్పి లేనివారి కన్నా ఉన్నవారికి అరుగుదల ఎక్కువగా కనిపిస్తున్నది. ఏదో ఒక మనిషి విషయంలో డిస్కు కుమ్మరి చేతిలో చక్రం తిప్పే కర్ర కావచ్చు, మరొకరి విషయంలో వాకిట నిలిచిన గాడిద కావచ్చు; ఏది ఏదో ఫిల్ము ఒక్కటే చెప్పలేదు. పైగా నడుము నొప్పికి హెచ్చుతగ్గులు సహజం. నొప్పి మిక్కిలి పెరిగినప్పుడే మనిషి వైద్యుని వద్దకు పోతాడు గనుక, ఆ తరువాత ఏ చికిత్స చేసినా, చేయకున్నా, కొంత తగ్గడం మామూలే. కాకి వాలినప్పుడే తాటిపండు రాలడాన్ని పూర్వులు కాకతాళీయం అన్నారు.

నొప్పికి చిరునామా ఉంటుందన్న నమ్మకానికి ఐరోపాలో తాత్త్విక రూపం ఇచ్చినవాడు డెకార్టు. ఆయన మరణించిన తరువాత, 1664లో ఫ్రెంచిలో వెలువడిన మానవుని గురించిన గ్రంథంలో, పాదానికి నిప్పు తగలగానే నరం తాడు వలె లాగబడి మెదడులో గంట మోగుతుందన్న పోలిక ఉంది. తాడు తెంపితే గంట ఆగాలి. 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు వెన్నుపాములో ఒక ద్వారం వంటి ఏర్పాటు ఉందనీ, కింది నుండి వచ్చే సంకేతాలను మెదడు నుండి దిగే సంకేతాలు ఆ ద్వారం వద్ద హెచ్చించవచ్చు లేదా తగ్గించవచ్చుననీ ప్రతిపాదించిన నాటి నుండి ఆ గంట పోలిక సడలిపోయింది. నెలల తరబడి మోగిన గంట, తాడు లాగేవారు వెళ్లిపోయిన తరువాత కూడా, తనంతట తాను మోగడం నేర్చుకుంటుంది. అప్పుడు పూసలను బిగించినా మోత ఆగకపోవడంలో వింత లేదు.

ఇంతవరకు చెప్పినది తర్కం; ప్రత్యక్షం ఏమంటున్నదో కూడా చూడాలి. రోగులను చీటీలు తీసినట్లుగా రెండు వర్గాలకు పంచి, ఒక వర్గానికి సంధానం, మరొక వర్గానికి ఇతర చికిత్స చేసి పోల్చిన పరీక్షలలో 294 మందితో జరిగి 2001లో ప్రకటితమైన స్వీడన్ పరీక్ష ప్రసిద్ధం. రెండేళ్ల తరువాత శస్త్రచికిత్స పొందినవారికి నడుము నొప్పి 33 శాతం, పొందనివారికి 7 శాతం తగ్గింది. ఈ తేడా చిన్నది కాదు. కానీ రెండవ వర్గానికి దక్కింది అంతకు ముందు వారికి పని చేయని మామూలు ఫిజియోథెరపీయే గనుక, వారి నిరాశ కూడా ఆ లెక్కలో చేరి ఉండాలి. 2003లో నార్వేలో 64 మందితో జరిగిన పరీక్ష ఈ లోపాన్ని సరిచేసింది. అక్కడ రెండవ వర్గానికి, వంగినా బరువెత్తినా డిస్కు చెడిపోదని ఓపికగా వివరించి, భయంతో మానుకున్న పనులను మళ్లీ చేయించి, వ్యాయామం నేర్పారు. ఏడాది తరువాత రెండు వర్గాల నడుమ చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. 2005లో ప్రకటితమైన బ్రిటిష్ పరీక్ష 349 మందిది. అందులో శస్త్రచికిత్స వైపు మొగ్గు ఉన్నా అది స్వల్పం. 2016లో బ్రిటన్ జాతీయ ఆరోగ్య సేవకు మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ, పరీక్షలో భాగంగా తప్ప ఉత్త నడుము నొప్పికి సంధానం చేయవద్దని సిఫారసు చేసింది.

ఇక్కడ ఒక బలమైన పూర్వపక్షం ఉంది. కారణం ఏదైతేనేం, స్క్రూ వలన తగ్గినా నమ్మకం వలన తగ్గినా బాధ తగ్గితే చాలదా అని రోగి అడిగితే దానికి తత్త్వవేత్త తలవంచవలసిందే. నమ్మకం వలన కలిగే ఫలం మిథ్య అని అనడానికి వీలులేదు. పాము కరిచిందన్న అనుమానం ఒక్కటే మనిషి ప్రాణం తీయవచ్చునని బ్రహ్మసూత్ర భాష్యంలో శంకరాచార్యులే ప్రస్తావించారు. కారణం అబద్ధమైనా కార్యం నిజం కావచ్చునన్నమాట. 2002లో అమెరికాలో మోకాలి కీళ్ల అరుగుదల గల 180 మందిలో కొందరికి లోపల శుభ్రపరిచే శస్త్రచికిత్స చేసి, మరికొందరికి చర్మం మీద గాట్లు మాత్రం పెట్టి కుట్లు వేసినప్పుడు ఇరు వర్గాలకూ ఒకే రీతిగా ఉపశమనం కలిగింది. ఉపవాసం, ప్రత్యేక వస్త్రం, సంతకం, స్పృహ తప్పడం, మేలుకోగానే చుట్టూ అయినవారు అన్న క్రమాన్ని గమనిస్తే శస్త్రచికిత్సలో ఒక పెద్ద మొక్కు తీర్చుకునే లక్షణాలన్నీ కనిపిస్తాయి. ఈ పూర్వపక్షానికి ఒకే సమాధానం ఉంది. తిరుమలలో ఇచ్చిన తలనీలాలు మళ్లీ మొలుస్తాయి. అతికించిన పూసలు విడిపోవు. కదలిక నిలిచిన చోటి భారం పైపూస మీద, కింది పూస మీద పడుతుంది, కొందరికి కొన్నేళ్లకు అక్కడ మరొక శస్త్రచికిత్స అవసరమవుతుంది. వెనక్కి తీసుకోలేని పనికి కాకతాళీయపు ఆధారం చాలదు.

ఇక రెండవ వైపు. నడుము నొప్పి తగ్గనప్పుడు తెలుగు ఇళ్లలో డిస్కు తరువాత వినిపించే మాట కర్మ. ఏ జన్మలో చేసిన పాపమో అన్న నిట్టూర్పుకు శాస్త్రాధారం వెతికేవారికి ఒక విచిత్రమైన సాక్ష్యం దొరుకుతుంది. పాలి వాఙ్మయంలోని అపదానం అనే గ్రంథం ప్రకారం సాక్షాత్తు బుద్ధునికి నడుము నొప్పి ఉండేది. పూర్వజన్మలో ఆయన కుస్తీ పోటీలో ఒక మల్లుణ్ణి నొప్పించిన కర్మకు అది ఫలం. కానీ సంయుత్త నికాయంలోని సివక సుత్తం దీనికి భిన్నమైన దారి పట్టింది. మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ వల్లనే కలుగుతాయనేవారి మాట నిజమేనా అని మోళియ సివకుడనే పరివ్రాజకుడు అడిగినప్పుడు, బుద్ధుడు అటువంటివారు తమకు తెలిసినదాన్నీ లోకం ఎరిగినదాన్నీ దాటిపోయి మాట్లాడుతున్నారని తోసిపుచ్చి, బాధలు పుట్టే ఎనిమిది వనరులను చెప్పాడు. పిత్తం, శ్లేష్మం, వాతం, ఈ మూడింటి కలయిక, ఋతువుల మార్పు, విషమ పరిహారం, పరుల వలన కలిగే దెబ్బ, చివరిగా కర్మఫలం. విషమ పరిహారం అంటే శరీరాన్ని అపసవ్యంగా వాడుకోవడం. పెద్ద బరువులు మోయడం దానిలోకి వస్తుందని వ్యాఖ్యాతలు వివరించారు. మిళిందపన్హం అనే గ్రంథంలో నాగసేనుడనే భిక్షువు కూడా వేదనలన్నిటికీ కర్మే మూలం కాదని ఇదే ఎనిమిదింటిని ఆశ్రయించి వాదించాడు.

కర్మను ఆ ఎనిమిదింటిలో ఒకటిగా, అదీ చివరిదిగా ఉంచడంలోని ఔచిత్యం దమ్ము చేసిన పొలం గట్టున నిలబడి చూస్తే తెలుస్తుంది. మోకాటి లోతు బురదలో, ఎడమచేత నారుకట్ట పట్టుకుని, పొద్దున్నుండి సాయంత్రం దాకా వంగి వెనక్కి అడుగులు వేస్తూ నాట్లు వేసే ఆడకూలీ నడుము నొప్పిలోనూ, మార్కెట్ యార్డులో బస్తాలు వీపున వేసుకునే హమాలీ నొప్పిలోనూ విషమ పరిహారం కళ్లకు కట్టినట్లు కనిపిస్తుండగా పూర్వజన్మ వరకు పోవడం, చూసీ చూడనట్లు పోవడమే. అంతా కర్మే అనేవారికీ అంతా డిస్కే అనేవారికీ పైకి ఎంత తేడా కనిపించినా ఇద్దరి వాదం పోత ఒక్కటే. ఎనిమిది వనరులు గల బాధను ఇద్దరూ ఒకే వనరుకు కుదించారు. ఒకరు చూడలేనిదాన్ని, మరొకరు చూడగలిగినదాన్ని మాత్రం కారణంగా ఎంచుకున్నారు.

ఓర్చుకోవడమే ధర్మం కదా అనేవారూ ఉన్నారు. ప్రతీకారం, అంటే విరుగుడు, తలపెట్టకుండా, చింతా విలాపమూ లేకుండా దుఃఖాన్ని సహించడమే తితిక్ష అన్న నిర్వచనం వేదాంతంలో ప్రసిద్ధమే. అయితే అది మోక్షం కోరి అన్నిటినీ విడిచినవానికి చెప్పిన సాధన, ఇంటిల్లిపాదికీ వండిపెట్టవలసిన గృహిణికి పెట్టిన నియమం కాదు. సహనానికి పేరుపడిన రమణ మహర్షికి సైతం చేతిపై లేచిన కణితికి 1949లో నాలుగు సార్లు శస్త్రచికిత్స జరిగింది. చరకుడు ఇంకా సూటిగా చికిత్సను మూడు విధాలన్నాడు. మంత్రం, హోమం, మొక్కుబడి వంటివి దైవవ్యపాశ్రయం. ఆహారాన్నీ ఔషధాన్నీ ఎరిగి వాడడం యుక్తివ్యపాశ్రయం. కీడు చేసే విషయాల నుండి మనస్సును మరలించడం సత్త్వావజయం. సత్త్వం అంటే ఇక్కడ మనస్సు. నార్వే వైద్యులు చేసినది సత్త్వావజయమే అంటే అతిశయోక్తి అవుతుంది గాని, వంగితే వెన్ను విరుగుతుందన్న భయం నుండి మనస్సును మరలించడం ఆ మాటకు చాలా దగ్గరిది. మనస్సుకు చికిత్స చేస్తే నొప్పి తగ్గింది గనుక నొప్పి కల్పితమని వాదించేవారు, భయం గుండెదడ పుట్టించినంత మాత్రాన గుండె కల్పితమని వాదించడానికి కూడా సిద్ధపడాలి.

ఆధ్యాత్మికం, ఆధిభౌతికం, ఆధిదైవికం అనే మూడు తాపాలను సాంఖ్యకారిక మొదటి శ్లోకంలోనే పెట్టి, లోకంలో దొరికే ఉపాయాలు వాటిని నిశ్చయంగానూ శాశ్వతంగానూ పోగొట్టలేవన్నది. ఆ తాపత్రయమే తెలుగులో అర్థం మారి తహతహలాడుతూ పాటుపడడానికి పేరైంది. దుఃఖానికీ దాన్ని వదిలించుకునే ఆరాటానికీ ఒకే మాట మిగలడం తెలుగు చేసిన ఒక చిత్రమైన వ్యాఖ్యానం. నడుము నొప్పిలో ఈ ఆరాటానికి తప్పు పట్టవలసింది లేదు. తప్పంతా నిశ్చయమూ శాశ్వతమూ తమ వద్ద ఉన్నాయని చెప్పేవారిది. సంధానం చేయించుకోమన్న సలహా విన్న రోగి, ఫిల్ములో కనిపించిన ఈ అరుగుదల నొప్పి లేనివారిలో కూడా ఉంటుందా, పూస జారిందా విరిగిందా, నరం నలిగిందా, భయం వదిలించి వ్యాయామం చేయించే చికిత్సను సక్రమంగా ప్రయత్నించడం జరిగిందా అని అడగడం అతని హక్కు, వైద్యుని సమయాన్ని వృథా చేయడం కాదు.

మజ్ఝిమ నికాయంలోని సేఖ సుత్తంలో ఒక సన్నివేశం ఉంది. కపిలవస్తులో శాక్యులు కొత్తగా కట్టుకున్న సభామందిరంలో బుద్ధుడు రాత్రి చాలాసేపటి వరకు బోధించి, తనకు నడుము నొప్పిగా ఉందనీ కొంచెం చాచుకుంటాననీ ఆనందునితో చెప్పి, మిగతా బోధను అతనికి అప్పగించి, సంఘాటి అనే పైవస్త్రాన్ని నాలుగు మడతలుగా పరిపించుకుని కుడిపక్కకు ఒరిగాడు. తెలుగులో దీన్నే నడుము వాల్చడం అంటారు. ఆనందుడు మహానాముడనే శాక్యునికి ధర్మం చెప్పడం ముగించిన తరువాత బుద్ధుడు లేచి కూర్చుని బాగా చెప్పావని మెచ్చుకున్నాడు. నొప్పి తగ్గిందో లేదో సుత్తం చెప్పదు.